మా అమ్మ కళ్లె, నా ఉమ్మి

నా చిన్నప్పుడు మా అమ్మ దగ్గుకి మా ఇంట్లో ఎన్ని పేర్లు పెట్టారో చెబితే మీరు నవ్వుతారు. చలికాలంలో అది మంచు దగ్గు. ఎండలు ముదిరాక పోర్టు వైపు నుంచి ఎగిరొచ్చే బొగ్గు దుమ్ము దగ్గు. ఉప్పుచేపలు ఎండబెట్టే రోజుల్లో ఘాటు దగ్గు. ఈ పేర్లేవీ అతకని రోజున మా మామ్మ, అంటే మా అయ్యని కన్న తల్లి, ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసి, అది దిష్టి దగ్గని తేల్చేసేది. అసలు పేరు ఒకటుందని అందరికీ తెలుసు. ఆ పేరు మాత్రం మా గడప లోపల ఎవరూ పలికేవారు కాదు. క్షయ అన్న మాట నోట్లోంచి వస్తే జబ్బు కూడా వెనకే వచ్చేస్తుందని మా వాళ్ళ నమ్మకం. అప్పటికే వచ్చి ఇంట్లో కూర్చున్న జబ్బుకి ఎవరి పిలుపుతో పని!

మాది మల్కాపురానికి అవతల, ఒడ్డు మీద ఉన్న చేపలవాళ్ళ పేట. మా అయ్య తెల్లవారకముందే వేటకి వెళ్ళేవాడు. అమ్మ నెత్తిన గంప పెట్టుకుని మల్కాపురం వీధుల్లో చేపలమ్మేది. ఆవిడ కేక ఎలాంటిదో నేను రాసి చూపించలేను. మూడు వీధుల అవతల మేడ మీద ఉన్నవాళ్ళు కూడా గిన్నె పట్టుకుని కిందికి దిగేవారు. నేను బళ్ళో కూర్చుంటే ఆ కేక కిటికీలోంచి వినిపించేది, మా టీచరు కూడా పాఠం ఆపి ఇవాళ ఏం చేపలో నన్నడిగేది. నాకు అప్పుడు తొమ్మిదేళ్ళు. అమ్మ కేక వినిపిస్తే చాలు, లోకం ఎక్కడున్నది అక్కడే ఉందని ధైర్యం.

ఆ ఏడాది ఆ కేక సన్నబడింది. మొదట మూడో వీధికి అందలేదు, తర్వాత రెండో వీధికీ అందలేదు. సాయంత్రమయ్యేసరికి అమ్మ ఒళ్ళు వెచ్చబడేది. చేతి గాజులు మోచేతి దాకా జారేవి. అయినా రోజూ నన్ను పక్కలో వేసుకునే పడుకునేది, నేను ఆవిడ మీద కాలు వేస్తేనే నిద్రపోయేదాన్ని. ఒళ్ళు కాలుతుంటే చలికాలంలో నాకు హాయిగా ఉండేది, చూశారా ఎంత తెలివితక్కువతనమో.

మా పక్కింటి అప్ప కొండ పక్కన ఉన్న ఛాతీ జబ్బుల ఆసుపత్రిలో ఆయాగా చేసేది. ఆ దగ్గు వినీ వినీ, ఒకరోజు గోడ మీంచి అరిచింది. "ఒదినా, అది దిష్టీ కాదు, దుమ్మూ కాదు. మా ఆసుపత్రిలో నానిలాటి దగ్గులు రోజూ ఇంటన్నాను. రేపు నాతో వచ్చీయ్, నేకపోతే మీ బావకి నానే సెప్పేత్తాను." మా అయ్యకి చెబుతానన్న బెదిరింపుకి అమ్మ కదిలింది. డాక్టరు వీపు మీద గొట్టం పెట్టి విన్నాడట, ఎక్స్‌రే తీయించుకోమన్నాడట, మూడు రోజులు పొద్దుటి కళ్లె తెచ్చి ఇమ్మన్నాడట. మూతలున్న మూడు చిన్న డబ్బాలు ఇచ్చి పంపారు. ఎక్స్‌రేకి మళ్ళీ ఆవిడే వెళ్ళాలి కదా, దానికి మాత్రం ఏదో ఒక సాకు చెబుతూ వచ్చింది. డబ్బాలయితే ఎవరు పట్టికెళ్ళినా ఒకటే. అయ్య వేటలో ఉంటాడు, మామ్మ బస్సెక్కితే డోకుకుంటుంది. వేసవి సెలవుల్లో ఊరికే తిరుగుతున్నది నేనొక్కదాన్నే. అప్పతో పాటు బస్సులో వెళ్ళి ఇచ్చి రావడం నా పని అయింది.

ఇక్కడే మా మామ్మ అడ్డం తగిలింది. నిద్ర లేవగానే, లోపలి నుంచి దగ్గి, వచ్చింది డబ్బాలో ఉమ్మాలని అప్ప చిలక్కి చెప్పినట్టు చెప్పింది. మామ్మకి ఆ మాట గొంతు దిగలేదు. "పాసినోటితో కాండ్రించి ఉమ్మినది అంత సదువుకున్నోళ్ళ సేతికి ఇత్తామేటే? మనల్ని ఏటనుకుంటారు? సేపలోళ్ళకి సుబ్బరం నేదనుకోరా?" అని, పొద్దున్నే అమ్మ చేత పళ్ళు తోమించి, నోరు పుక్కిలింపించి, లవంగం నమిలించి, అప్పుడు డబ్బా చేతికిచ్చేది. అమ్మ గోడ వైపు తిరిగి, కొంగు అడ్డం పెట్టుకుని, సుతారంగా ఇంత ఉమ్మేది. డబ్బా మూత తీస్తే లవంగాల వాసన వచ్చేది. పెళ్ళివారికి తాంబూలం పంపినట్టు పంపించామన్నమాట!

మొదటి డబ్బాలో ఏమీ లేదని చెప్పారు. రెండో దాంట్లోనూ ఏమీ లేదన్నారు. అప్ప ఆ మాట మోసుకొచ్చిన రోజున మామ్మ గుమ్మంలోనే కొబ్బరికాయ కొట్టింది. అమ్మ బెల్లం వేసి పరమాన్నం వండింది. వండుతూ వండుతూ మధ్యలో రెండుసార్లు పెరట్లోకి వెళ్ళి దగ్గి వచ్చింది. ఏమీ లేనప్పుడు ఈ దగ్గేమిటని నేనడగలేదు. పరమాన్నం ముందు పెట్టుకుని ఏ పిల్ల అడుగుతుంది చెప్పండి.

మూడో డబ్బా రోజు బస్సు కిటకిటలాడింది. ఎవరో గంప దించబోయి నా మీద పడ్డారు, డబ్బా మూత ఊడిపోయి, ఉన్న నాలుగు చుక్కలూ చేతిసంచిలో ఇంకిపోయాయి. అప్పకి కనబడకుండా మూత బిగించేశాను. దిగాక అప్ప పని తొందరలో లోపలికి వెళ్ళిపోయింది. ఆసుపత్రి ఆవరణలో నేరేడు చెట్టు కింద పళ్ళు రాలి ఉన్నాయి, ముందు అవి నాలుగు ఏరుకుని తిన్నాను. భయం భయమే, ఆకలి ఆకలే. తిన్నాక ఆలోచన వచ్చింది. అమ్మ డబ్బాల్లో ఏమీ లేదు, నాలోనూ ఏమీ లేదు, ఎవరు ఉమ్మితే మాత్రం తేడా ఏముంది? పైగా నాదైతే ఇంకా బాగుంటుంది, ఖాయంగా ఏమీ లేదనే అంటారు. చెట్టు చాటుకి వెళ్ళి డబ్బాలో ఉమ్మి, మూత బిగించి, గంభీరంగా నడుచుకుంటూ కిటికీ దగ్గర వరుసలో నిలబడ్డాను.

ఆ కిటికీ అవతల ఉండేది ల్యాబ్ తాతయ్య. అసలు పేరు నాకు ఇప్పటికీ తెలియదు, అప్ప అలాగే పిలిచేది, నేనూ అలాగే పిలిచాను. కంచరపాలెం రైలుపట్టాల పక్క నుంచి సైకిల్ తొక్కుకుంటూ వచ్చేవాడట. సన్నగా, పొడుగ్గా, వేళ్ళ చివర్లు ఎప్పుడూ ఎర్రగా నీలంగా రంగుల్లో మునిగి ఉండేవి. నా డబ్బా తీసుకున్నాడు. వెలుతురుకి పట్టుకున్నాడు. కళ్ళజోడు పైకి తోసి మళ్ళీ చూశాడు.

"ఇది మీ అమ్మదేనా?"

"ఊఁ."

"పొద్దున్న మీ అమ్మ ఏటైనా తిన్నాదా?"

"నేదు. పాసినోటితోనే ఇచ్చినాది," అన్నాను, పాఠం అప్పజెప్పినట్టు.

"మరి ఇది ఊదారంగులో ఉందేటి? నేరేడు పళ్ళు తిన్నాదేమో."

దొరికిపోయానని తెలియలేదు, దారి దొరికిందనుకున్నాను. "ఆ, మర్సిపోనాను, నేరేడు పళ్ళు తిన్నాది," అన్నాను.

"మీ పేటలో నేరేడు సెట్టున్నాదా?"

"నేదు."

"అయితే నాలిక సాపు," అన్నాడు.

చాపలేదు. నోరు బిగించి అక్కడే బావురుమన్నాను. వరుసలో ఉన్నవాళ్ళందరూ నన్నే చూస్తున్నారు. తాతయ్య నన్ను తిడతాడనుకున్నాను, అప్పని పిలిచి చెబుతాడనుకున్నాను. ఆయన కిటికీ దగ్గర ఇంకొకరిని కూర్చోబెట్టి, బయటికి వచ్చి, నా చెయ్యి పట్టుకుని పంపు దగ్గర కడిగించి, పక్క గదిలో ఎత్తు బల్ల మీద కూర్చోబెట్టాడు. నేను బస్సు సంగతి చెప్పాను. ఆయన వింటూనే నా డబ్బాలోది ఒక చిన్న గాజుపలక మీద రాసి, మంట మీద చూపించి, ఎర్ర రంగు పోసి, కడిగి, నీలం రంగు పోసి, మళ్ళీ కడిగి ఆరబెట్టాడు. మా మామ్మ చేప కడిగినంత శ్రద్ధగా చేశాడు. నా ఉమ్మికి ఇంత మర్యాదేమిటని ఏడుపు మధ్యలోనే ఆశ్చర్యపోయాను.

తర్వాత నన్ను మైక్రోస్కోపు ముందు నిలబెట్టాడు. ఒక కన్ను మూసుకోవడం రాక నేను తంటాలు పడుతుంటే, తన చేత్తో మూశాడు. లోపల అంతా నీలం. ఎక్కడో కొన్ని నీలం మచ్చలు. అంతే. "ఇది నీది," అన్నాడు. తర్వాత ఇంకో పలక పెట్టాడు. అదీ నీలమే, కానీ ఆ నీలం మీద సన్నని ఎర్రని గీతలు, చిన్న చిన్న చేప ముళ్ళు ఎవరో వెదజల్లినట్టు. ఎవరిదని అడిగాను. ఎవరిదో చెప్పకూడదన్నాడు. ఆ మనిషి ఎవరో గాని, జబ్బేమిటో తెలిసింది కాబట్టి మందు పడుతోందని, మొదట్లో గీతలు లెక్కపెట్టలేనన్ని ఉండేవని, ఇప్పుడు తగ్గుతున్నాయని చెప్పాడు.

నాకు ధైర్యం వచ్చి, మరి నాది శుభ్రంగా ఉంది కదా అన్నాను. ఆయన బల్ల మీద నాకెదురుగా కూర్చున్నాడు. "ఉమ్ములో ఏదీ తేలదమ్మా. ఎవరు ఉమ్మినా ఇలాగే నీలంగా కనబడతాది. జబ్బు ఊపిరితిత్తుల అడుగున ఉంటాది. అడుగున ఉన్నది పైకి వస్తేనే మాకు కనబడతాది," అన్నాడు. అని, "మీ అమ్మ డబ్బాలో ఎలాగ ఉమ్ముతాది? సేసి సూపించు," అన్నాడు.

నేను ఉత్సాహంగా చేసి చూపించాను. పళ్ళు తోమడం, పుక్కిలించడం, లవంగం, గోడ వైపు తిరగడం, కొంగు అడ్డం పెట్టుకోవడం, అన్నీ. ఆయన నవ్వుతాడనుకున్నాను. ఆయన మొహం వాడిపోయింది. కళ్ళజోడు తీసి పక్కన పెట్టేశాడు. అప్పుడొక మాట అన్నాడు, ఆ రోజుల్లో పెద్దవాళ్ళు చిన్నపిల్లలతో అనే మాట కాదది. "తప్పు నాది. రెండుసార్లూ అందులో ఉన్నది ఉమ్మో కళ్లెయో సరిగ్గా సూడకుండా పలక మీద రాసేసినాను. లవంగం వాసన కూడా వచ్చినాది, గుర్తుంది నాకు. మనుషులు ఎక్కువున్నారని తొందరపడినాను. నువ్వు ఇవాళ సేసినదీ, నాను ఆ రెండు రోజులూ సేసినదీ ఒకటేనమ్మా."

మా ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోవడం నేనెప్పుడూ వినలేదు. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమనే రకాలు మావాళ్ళు. తెల్లజుట్టున్న మనిషి నాకెదురుగా కూర్చుని తప్పు నాదంటే, నా ఏడుపు ఆగిపోయింది.

అప్పుడాయన నాకొక ఉపాయం నేర్పాడు. మీ అయ్య వల లాగేటప్పుడు ఊపిరి ఎలా తీస్తాడో చూపించమన్నాడు. మా పేట పిల్లకి అది ఒకరు నేర్పాలా! కాళ్ళు ఇసకలో తన్నిపెట్టినట్టు నిలబడి, పొట్ట లోపలికి లాగి, గుండె నిండా గాలి పట్టి చూపించాను. అదే మీ అమ్మకి నేర్పమన్నాడు. రెండుసార్లు అలా తీసి వదిలెయ్యాలి, మూడోసారి బిగబట్టి అడుగు నుంచి దగ్గాలి. పైన తేలేది నురగ, సరుకు అడుగునుంటుందని మీవాళ్ళకి నేను చెప్పాలా అన్నాడు. ఇంట్లో కాదు, ఆరుబయట చెయ్యాలన్నాడు. నేను గాలి వచ్చే వైపే ఉండాలి గాని అమ్మకి గాలివాలున నిలబడకూడదని రెండుసార్లు చెప్పాడు. కొత్త డబ్బా చేతిలో పెట్టాడు. నేను చేసిన పని అప్పకి తాను చెప్పనని, ఇంట్లో చెప్పడం చెప్పకపోవడం నా ఇష్టమని అన్నాడు. ఆ ఇష్టమే లేకపోతే బాగుండునని బస్సులో దారంతా అనుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి అమ్మ పెరట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. నేను సంచి కింద పెట్టకుండానే మొత్తం కక్కేశాను. అసలే నా నోట్లో నువ్వుగింజ నానదు. మామ్మ గుండెలు బాదుకుంది. "ఓలమ్మో, గుంట మన పరువు తీసీసినాదే! మన ఇంటి సంగతి ఆడెవుడికో ఆడి సూపించీసినాదే!" అని మొదలుపెట్టింది. అమ్మ నా వైపు తిరిగింది. చేతిలో చేప అలాగే ఉంది.

"ఎందుకు సేసినావే అలాగ?" అంది.

"నీకు ఏటీ నేదని రావాలని," అన్నాను.

అమ్మ నేల మీద కూలబడింది. మామ్మ వింటూ ఉండగానే, "నానూ అందుకే సేసినాను," అంది.

మామ్మ అరుపు ఆగిపోయింది. అమ్మ తల వంచుకుని చెప్పుకుపోయింది. లవంగం నమలమన్నది మామ్మే గాని, దానివల్ల ప్రయోజనం లేదని అమ్మకి మొదటిరోజే తెలుసు. అప్ప చెప్పింది ఆవిడకి బాగానే అర్థమైంది. అసలు దగ్గు ఎవరూ లేవకముందే ఒడ్డుకి వెళ్ళి దగ్గేసి, వచ్చినదాన్ని ఇసకలో కప్పెట్టి, అప్పుడు ఇంటికొచ్చి పళ్ళు తోముకునేది. దాంట్లో నెత్తురు జీరలున్నాయి. "జబ్బని తెలిస్తే నన్ను ఆసుపత్రిలో ఎట్టీత్తారు. నిన్ను నా దగ్గిరికి రానివ్వరు. నా పక్కలో తొంగోనివ్వరు. ఇంకొన్నాళ్ళు, ఇంకొన్నాళ్ళు అనుకున్నానే. తల్లినై ఉండి నీ పక్కనే దగ్గినాను," అని భోరున ఏడ్చింది. అమ్మ ఏడవడం నేను అదే మొదటిసారి చూడ్డం. దగ్గరకి వెళ్ళబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "రాకు. నాను రమ్మనేదాకా రాకు," అంది. అంత కటువుగా నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున్న మామ్మ లవంగాల డబ్బా తియ్యలేదు. మేం ముగ్గురం ఒడ్డుకి వెళ్ళాం. ఆ వేళప్పుడు గాలి నేల మీంచి సముద్రం మీదికి వీస్తుంది. అమ్మని నీళ్ళ అంచున సముద్రం వైపు తిరిగి నిలబడమని, నేను దూరంగా ఇటు పడవ పక్కన నిలబడి, పెద్ద మేస్త్రీలా కేకలేశాను. లాగు, వదులు, లాగు, వదులు, మూడోది బిగబట్టు! వేటకి వెళ్ళబోతున్న మగవాళ్ళు ఇద్దరు ఆగి చూశారు. మామ్మ వాళ్ళ మీద విరుచుకుపడింది. "ఏటి సూత్తన్నారు? నా కోడలు పరీచ్చకి ఇత్తన్నాది. ఎల్లండి!" నిన్నటిదాకా ఆ దగ్గుకి ముసుగేసిన మనిషే! అమ్మ దగ్గిన దగ్గుకి పడవ మీది కాకులు లేచిపోయాయి. ఆ డబ్బా మూత పెట్టాక మామ్మ దాన్ని తన ముక్కుపుడక దాచుకునే గుడ్డలో కట్టి ఇచ్చింది.

ఈసారి పలక నిండా ఎర్రగీతలే. ఆ వారంలోనే అమ్మని ఆసుపత్రిలో చేర్చుకున్నారు. అయ్యకీ మామ్మకీ నాకూ కూడా పరీక్షలు చేసి, ఎక్స్‌రేలు తీసి, ఏమీ లేదన్నారు. నేను ఆ మాట నమ్మడానికి ల్యాబ్ తాతయ్య చేత రెండోసారి చెప్పించుకున్నాను. ఆదివారాలు వెళితే అమ్మ వార్డు వరండాలో నిలబడేది, నేను కింద చెట్ల మధ్య నిలబడేదాన్ని. అంత దూరం నుంచి సన్నటి గొంతుతో తిన్నావా, జడ ఎవరేశారు అని అడిగేది. మెట్టెక్కబోతే రావద్దని చేత్తో సైగ చేసేది. ఎన్ని ఆదివారాలు బతిమాలినా ఆ చెయ్యి మారలేదు. మందులేసుకుంటోంది కదా, ఇంకా ఎందుకీ పంతమని నాకు చచ్చేంత కోపం వచ్చేది. ఇప్పుడైతే కళ్లె మెషిన్లో పెడితే ఒక పూటలో తేల్చేస్తున్నారట, మందు పనిచేసేదీ లేనిదీ కూడా అప్పుడే చెప్పేస్తున్నారట. అప్పట్లో దానికి ఓపిక కావాలి.

ఆ ఓపిక ఎలాంటిదో కూడా తాతయ్య వల్లే చూశాను. ఆ ఆసుపత్రిలో మందులివ్వడమే కాదు, ఏ మందుకి ఏ పురుగు లొంగుతుందో పెంచి మరీ చూసేవారు. కోడిగుడ్లు కొట్టి, లేత ఆకుపచ్చ రంగు కలిపి, గాజు గొట్టాల్లో వాలుగా గడ్డకట్టించి, దాని మీద రోగి కళ్లెలోంచి తీసినది చల్లేవారు. మొలవడానికి వారాలకి వారాలు పట్టేది. గుడ్ల సంగతి విని మా మామ్మ మండిపడింది. "మనుసులకి గుడ్డు సగం కోసి ఎడతారు, రోగానికి అట్టులాగ ఎడతారా!" అంది. ఒకరోజు తాతయ్య కిటికీ అద్దం అవతల నుంచి రెండు గొట్టాలు ఎత్తి చూపించాడు. మందు కలపని గొట్టంలో గోధుమరంగు రవ్వలాంటిది మొలిచింది. అమ్మకి ఇస్తున్న మందు కలిపిన గొట్టంలో కూడా అలాగే మొలిచింది. అంటే ఆ మందు అమ్మ ఒంట్లో ఉన్నదాన్ని ఏమీ చెయ్యడం లేదన్నమాట. సూదులు పొడిపించుకున్న అన్ని వారాలూ వృథా.

ఆ సంగతి అమ్మకి తెలియనివ్వకూడదని మామ్మా అయ్యా గుసగుసలాడుకున్నారు. కాని డాక్టరు అప్పటికే చెప్పేశాడు, అమ్మ అడిగిందట. ఆ ఆదివారం వరండాలోంచి ఆవిడే నాకు చెప్పింది, దాచకుండా. "పాత మందు పనిసెయ్యనేదే. కొత్తది మొదలెడతన్నారు. ఇంకా సానా నెలలు పడతాది. తగ్గుతాదో నేదో ఆళ్ళకీ తెల్దు." ఆ రోజు నేను ఇంటికొచ్చి అన్నం తినలేదు. అంత నిజం తొమ్మిదేళ్ళ పిల్లకి చెప్పాలా అని మామ్మ వారం రోజులు సణిగింది. కాని ఆ గొట్టాలు చూడకపోతే అమ్మకి ఆ చచ్చు మందే పొడుస్తూ పోయేవారు, ఒకరోజు మాకెవరో వచ్చి కబురు చెప్పేవారు. అమ్మ గొట్టంలో తేలిన విషయాన్ని వేరే ఊరి డాక్టర్లు కూడా వచ్చి రాసుకున్నారట. "నా కళ్లెతో డాక్టర్లు సదువుకుంటన్నారట!" అని అమ్మ వార్డులో అందరికీ చెప్పుకునేది. బడి మొహం చూడని మనిషికి అదొక గొప్ప.

కొత్త మందు పట్టింది. నెల నెలకీ గీతలు తగ్గాయి, తర్వాత గొట్టాల్లో మొలకలూ ఆగాయి. మళ్ళీ నేరేడు పళ్ళ కాలం వచ్చి వెళ్ళిపోయాక, ఒక మధ్యాహ్నం అయ్య అమ్మని రిక్షాలో ఇంటికి తీసుకొచ్చాడు. పేట ఆడవాళ్ళు వచ్చారు గాని గుమ్మం బయటే నిలబడ్డారు. మామ్మ పలకరించీ పలకరించకుండా పనుల్లో పడింది. అందరి మొహాల్లోనూ ఒకటే ప్రశ్న, ఎవరూ పైకి అడగడం లేదు. అమ్మ నులకమంచం మీద కూర్చుంది. నేను గుంజ పట్టుకుని నిలబడ్డాను. ఏడాది పైగా రావద్దన్న చెయ్యి అది. కాళ్ళు వెళ్ళమంటున్నాయి, ఆ చెయ్యేమో ఇంకా నా కళ్ళముందే ఉంది.

అమ్మ నన్ను చూసి, "రాయే గుంటా. ఇప్పుడు రావచ్చు," అంది.

పరిగెత్తాను. మెడ పట్టుకుని, మొహం ఆవిడ గుండెకి ఆనించి పడుకున్నాను. బయట ఆడవాళ్ళలో ఎవరో అయ్యో అయ్యో అన్నారు. నాకు ఆవగింజంత భయం కూడా వెయ్యలేదు. నిజంగా తగ్గిందా, పరీక్ష సరిగ్గా చేశారా అన్న అనుమానం రాలేదు. ఆవిడ అబద్ధమాడి దగ్గర పడుకోబెట్టుకున్న తల్లే గాని, అది పోయిన ఏడాది. నా మొహం మీద రాకు అని చెప్పింది, మందు పనిచెయ్యలేదని చెప్పింది, ఏ ఆదివారమూ మెత్తబడలేదు. అలాంటి మనిషి రమ్మంటే ఇంక ఆలోచించేదేముంది?

అమ్మ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. కేక మాత్రం మూడో వీధికి మళ్ళీ అందలేదు, రెండో వీధితోనే సరిపెట్టుకుంది. ఇప్పుడు నాకు మనవలున్నారు, గాజువాకలో కాపురం. నన్ను కఠినురాలంటారు. సూది నొప్పి పెడుతుందా అని మనవడు అడిగితే ఇంట్లో అందరూ చీమ కుట్టినట్టుంటుందంటారు, నేనొక్కదాన్నే పెడుతుందిరా అంటాను. కోడలు నావైపు కొరకొరా చూస్తుంది. చూడనీ. పెద్ద జబ్బు చేసి వాడు మంచాన పడిన నెలలో, ఎవరు ఏం చెప్పినా బిగుసుకుపోయి నా మొహంలోకే చూసేవాడు. అంతా అయ్యాక, "ఇంక భయం నేదురా, తగ్గిపోయింది," అని నేనన్నాను. వాడు మారు ప్రశ్న అడగలేదు. నా ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోయాడు.